పన్నెండో నంబరు జెర్సీ

నేను ఒక కబడ్డీ జెర్సీని. ఎర్రటి గుడ్డ, వీపున తెల్లగా పన్నెండు అంకె. విజయవాడలో ఒక కుట్టు షెడ్డులో పదకొండు మంది అక్కచెల్లెళ్లతో కలిసి పుట్టాను. అందరిదీ ఒకే తాను. మాలో ఎక్కువ తక్కువలున్నాయని బడికొచ్చాకే తెలిసింది. కబడ్డీ కోర్టులోకి దిగేది ఏడుగురు, మిగిలినవాళ్లు బల్ల మీద కూర్చోవాలి.

మమ్మల్ని పంచిపెడుతూ పీఈటీ సారు, "నంబరు చూసి మొహాలు మాడ్చుకోకండమ్మా. అందరికీ ఆట దక్కుద్ది, నాది పూచీ," అన్నారు. నేను తొమ్మిదో తరగతి పావనికి దక్కాను.

పావని అమ్మ నాంచారమ్మ నన్ను చూసి అన్న మొదటి మాట, "కాలో చెయ్యో విరిగితే ఎవరు చూస్తారే?" మోచేతులు గీరుకుపోతాయని నా లోపల పొడుగు చేతుల టీషర్టు తొడిగి పంపేది. మబ్బు పడితే జ్వరమొస్తుందని, ఎండ కాస్తే వడదెబ్బ తగులుతుందని బెంగ. మ్యాచ్ చూడ్డానికి మాత్రం వచ్చేది కాదు, చూస్తే తన గుండె ఆగిపోతుందట. ఆ చేతుల్లో నానీ నానీ కాబోలు, ఆ దిగులు నాకూ అంటుకుంది.

ఆవిడ భయపడినవేవీ జరగలేదు. అసలేమీ జరగలేదు. మా జట్టు ముందుంటే సారు, "వచ్చిన పాయింట్లు పోగొట్టుకుంటామా?" అనేవారు. వెనకబడితే, "ఇప్పుడా కొత్తవాళ్లని దింపేది?" అనేవారు. చెడ్డవారేం కాదు. ఆట అయ్యాక అరటిపళ్లు ముందు బల్ల మీది పిల్లలకే ఇచ్చేవారు.

"మట్టే అంటలేదేంటే?" అనేది నాంచారమ్మ నన్ను బకెట్లో ముంచుతూ.

"దింపలేదమ్మా."

"పోన్లే, దెబ్బలన్నా తగల్లేదు." అని ఊరుకునేదా, కాదు. దింపకపోతే పిల్ల మనసు విరిగిపోతుందేమోనని ఇంకో భయం మొదలుపెట్టేది.

జోన్ పోటీల రోజు బస్సులో సారు, "ఇయ్యాల నిన్ను దింపుతానమ్మా, తయారుగా ఉండు," అన్నారు. నా లోపల పావని గుండె దడదడలాడటం నాకు తెలుస్తూనే ఉంది. ఆట సగం దాటాక సారు చెయ్యి ఊపారు. "పావనీ, ఇలా రా." తను పరుగెత్తి, గీత దగ్గర మట్టి తాకి కళ్లకద్దుకుంది.

"జెర్సీ తీసియ్యమ్మా. ఝాన్సీది చిరిగిపోయింది. నీకు లోపల టీషర్టుంది కదా."

నాకు నోరు లేదు. పావని నన్ను తలమీదుగా తీసి ఇచ్చేసింది. ఝాన్సీ జట్టులో అందరికంటే బాగా ఆడే పిల్ల. నన్ను తొడుక్కుని కూతకెళ్లింది, పడింది, దొర్లింది. మైకులో, "పన్నెండో నంబరుకు రెండు పాయింట్లు," అని చెప్పారు. ఎన్నాళ్లుగానో నేను కోరుకున్న మట్టే అది. అటు బల్ల మీద పావని చప్పట్లు కొడుతోంది.

"ఉతికిద్దామనుకున్నానే, టైము లేదు," అంటూ ఝాన్సీ నన్ను మడిచి ఇచ్చింది. పాపం, తన తప్పేముంది.

ఇంటి గుమ్మంలో నాంచారమ్మ నన్ను చూసి అక్కడే కూలబడింది. "ఆడావా?" అంటూనే కూతురి మోకాళ్లు తడిమింది, టీషర్టు చేతులు పైకి మడిచి చూసింది. మొదటిసారి ఆవిడ దెబ్బ ఉంటే బాగుండునన్నట్టు వెతికింది. ఎక్కడా చిన్న గీరు కూడా లేదు.

"ఝాన్సీ వేసుకుందమ్మా. నాకు లోపల టీషర్టుంది కదా, అందుకని సారు..."

నాంచారమ్మ నన్ను బకెట్లో ముంచింది. నీళ్లు తేటపడ్డాక కూడా నన్ను రుద్దుతూనే ఉంది.

తర్వాతి మ్యాచ్ ఉదయం నన్ను ఒక్కదాన్నే అందించింది.

"టీషర్టేదమ్మా?"

"వద్దు."

"మోచేతులు గీరుకుపోతాయేమో."

"పోనీ."

ఆ రోజూ సారు మమ్మల్ని దింపలేదు. కానీ ఆట ముగిసేదాకా పావనీ నేనూ కలిసే కూర్చున్నాం.