శాలువా తిరగేసిన అమ్మ

మా అమ్మ వసంతలక్ష్మి రాసిన కథల పుస్తకానికి రామన్నపేటలో సన్మానం పెట్టారు. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? మా ఊరి నేత సంఘం అధ్యక్షుడు నరహరి! కరపత్రంలో ఆ పేరు చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

బాపు పోయాక పదకొండేళ్లు అమ్మే గుంటమగ్గంలో కూర్చుని చీరలు నేసింది. నేను కొత్త కండెకు నూలు చుట్టి ఇచ్చేలోపు, పాత డిజైను కాగితాల వెనక రెండు వాక్యాలు రాసుకునేది. అలా పుట్టిన కథలవి. చేనేత కార్డు అడిగితే మాత్రం నరహరి నవ్వాడు.

"ఆడోళ్లు కండెలు చుడుతరు. నేసేది మొగోడే గదమ్మా. నీ పేరెట్ల రాయాలె?"

కార్డు లేదు కాబట్టి పింఛను లేదు. ఇప్పుడు చూపు తగ్గి, తెగిన పోగు అతకలేక అమ్మ మగ్గం దిగింది.

"వాని చేతుల సన్మానమేందే అమ్మా? పోవద్దు," అన్నాను.

"పోదాం ఉషా. కార్డు దరఖాస్తు సంచిల పెట్టు."

మైకు దొరకగానే నరహరి ఊగిపోయాడు. "మా చెల్లె గొప్ప నేతగత్తె! గా కష్టాలే లేకుంటే గీ రచయిత్రి ఉండేదా?" జనం చప్పట్లు కొట్టారు. ఆ కష్టాలు పెట్టిందెవడురా అని నోటిదాకా వచ్చింది.

"మన మగ్గాల మీద నేసింది," అంటూ శాలువా కప్పాడు. అమ్మ అంచు తడిమి, తిరగేసింది. వెనక రంగే లేదు. అచ్చు వేసిన మిల్లు గుడ్డ! మగ్గం మీద నేసిన పువ్వు రెండు వైపులా కనబడుతుందని మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"నరహరన్నా, సంఘం పెద్దవు. గిది మిల్లు గుడ్డని నీకు తెల్వలే, నాకు తెల్సింది," అంది అమ్మ మైకులోనే. శాలువా మడిచి బల్లమీద పెట్టి, దానిమీద దరఖాస్తు పెట్టింది. "ఇప్పుడే నేతగత్తె అంటివి. గదే మాట గీడ రాయి."

"ఆఫీసుల చూద్దాం చెల్లె. జర ఒక కథ చెప్పు."

"నువ్వు రాసినంక చెప్త."

అందరూ చూస్తున్నారు. చెమట తుడుచుకుని, సంఘం నింపాల్సిన గడిలో ఏదో రాసి సంతకం గీకాడు.

"చదువు బిడ్డా, నాకు కండ్లు ఆనుతలేవు," అంది అమ్మ.

గట్టిగా చదివాను. "వృత్తి: కండెలు చుట్టుట."

సిగ్గులేని మనిషి! అమ్మ మాత్రం ముందున్న పుస్తకం పక్కకు జరిపి మైకు దగ్గరకు లాక్కుంది.

"గీ కథ పుస్తకంల లేదు. ఇయ్యాలే మొదలువెడుతున్న. మా ఊర్లె నరహరి అని ఒక సంఘం పెద్ద ఉండె..."

నరహరి లేవబోయాడు. "కూసో అన్నా," అంది అమ్మ. "ఇంక శానా ఉన్నది."