బండి వెనక మనిషి

“దిగు. దిమ్మ పెట్టు.”

భర్త నోట ఆ మాట వస్తుందని తెలిసి ఆమె ముందే కారు తలుపు మీద చెయ్యి వేసి కూర్చుంటుంది. ఇల్లు ఎత్తు మీద. వీధి నిచ్చెన వేసినట్టు లేచి వాళ్ళ గేటు ముందునుంచి ఇంకా పైకి పోతుంది. పక్కనుంచి తోస్తే దిమ్మ వంకరపోతుంది కాబట్టి ఆమె బండి వెనక్కే వెళ్ళాలి. రెండు టన్నుల ఇనుము వెనక గొంతుక్కూచుని, పాత మంచం కోడు కోసి చేసిన ఆ దిమ్మని చక్రం కింద దూర్చి, బండిని అరచేత్తో చరిచి “ఆఁ” అనాలి. అప్పుడు గాని భర్త బ్రేకు మీంచి కాలు తియ్యడు.

ఈ బండికి చేత్తో లాగే హ్యాండ్‌బ్రేకు లేదు, ఒక బటన్ ఉంది. అది నొక్కితే వెనక చక్రాల దగ్గర చిన్న మోటార్లు గుర్రుమని బ్రేకులు బిగించాలి. కిందటి వానాకాలం బ్రేకు ప్యాడ్లు తనే మారుస్తానని కూర్చున్నాడు. “ముందు మోటార్లని సర్వీసు సెట్టింగులో పెట్టాలట, బండి పుస్తకంలో ఉంది” అంది ఆమె. “నువ్వు టార్చి సరిగ్గా పట్టుకో, చాలు” అన్నాడు. పట్టుకుంది. ఆ వెలుగులోనే పిస్టన్లని బలవంతంగా లోపలికి తోశాడు. లోపల మోటారు చక్రాల పళ్ళు విరిగిన చప్పుడు ఇద్దరూ విన్నారు. మర్నాటి నుంచీ డాష్‌బోర్డు మీద పసుపు లైటు మిణుకుమంటుంటే దాని మీద నల్ల టేపు అంటించాడు. గేర్లో వదిలినా బండి వాలు మీద కొంచెం కొంచెంగా జారుతోంది. బాగుచేయించమంటే, “ముసలి బండికి కొత్త మోటార్లా? దిమ్మ ఉందిగా” అన్నాడు. చుట్టాలు అడిగితే మాత్రం, “మా ఆవిడ చేతి చలవ! తలుపు గడియ అనుకుని బటన్ పీకింది” అని నవ్విస్తాడు. ఆమె కూడా నవ్వుతుంది. మొదటిసారి నవ్వింది గనక ఇక ప్రతిసారీ నవ్వాల్సి వస్తోంది.

ఒకసారి దిమ్మ కింద వేలు నలిగి, కట్టు కట్టుకుని తను పనిచేసే క్లినిక్కుకి వెళ్ళింది. రిజిస్ట్రేషన్ కౌంటర్లో ఆమె నెమ్మదిగా టైపు చెయ్యడం చూసి, “ఇంటి పనులు ఇంట్లో వదిలి రావాలమ్మా” అన్నాడు ఇన్‌చార్జి. ఇల్లే తన వేలు మీద ఎక్కి వచ్చిందని ఏం చెబుతుంది? భర్త మీద కోపం వచ్చినప్పుడల్లా తనే సర్దిచెప్పుకుంటుంది. పాపం, ముందు సీట్లో కూర్చునే మనిషికి వెనక ఎలా ఉంటుందో ఏం తెలుస్తుంది? పెనం ఎంత కాలుతుందో తెలియదు, జ్వరంతో నిలబడి వండటం ఎలా ఉంటుందో తెలియదు, ఇదీ అంతే. తెలిస్తే చేయించడు. ఆ ఒక్క ఊరట మీదే ఇన్నేళ్ళ కాపురం నిలబడింది.

ఆ సాయంత్రం అత్తగారికి కంటి పరీక్ష చేయించి, కూతురితో సహా అందరూ బండిలో వస్తున్నారు. రోడ్డు తడిగా ఉంది. ఆమె దిమ్మతో వంగిందో లేదో, లోపల అతని ఫోను మోగింది. బండి జానెడు వెనక్కి దిగింది.

బంపరు భుజాన్ని తోసింది. ఆమె పక్కకి పడింది. చక్రం కింద చెప్పు ఉంది, పాదం లేదు. ఆ సంగతి నమ్మడానికి ఆమె రెండుసార్లు చూసుకుంది.

కిటికీలోంచి అతని తల బయటికొచ్చింది. “బండి దేనికైనా తగిలిందా?”

“నాకు తగిలింది.”

“గీత పడలేదుగా?”

“చూసుకుని వంగాలి కదమ్మా” అంది వెనక సీట్లోంచి అత్తగారు. “వాడు ముందు చూస్తాడా, వెనక చూస్తాడా?”

ఆమె పిచ్చుక అని పిలుచుకునే కూతురు నానమ్మని బండి దింపి, గేటు దగ్గర నిలబెట్టి పరుగున వచ్చింది. దొర్లిపోయిన దిమ్మని రెండు చేతులతో ఎత్తుకుంది. “అమ్మా, మోచేతి నుంచి రక్తం కారుతోంది. నువ్వు లే. నేను పెడతా, నాకు వచ్చు.”

“పెట్టనీ” అన్నాడతను. “దానివి సన్నటి చేతులు. ఇంకా లోపలికి దూరతాయి.”

ఆమె లేచింది. పిల్లని గేటు దాకా జరిపి, తనే దిమ్మ గుద్ది, ఒంటి చెప్పుతో డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చింది.

“దిమ్మ సరిగ్గా కూర్చోలేదు. నేను బ్రేకు తొక్కి ఉంటాను. మీరెళ్ళి సరిచెయ్యండి.”

“ఇదో వేషమా?” అంటూనే దిగాడు. ఆమె ఎక్కి బ్రేకు తొక్కింది. అద్దంలో అతను కనిపిస్తున్నాడు. బండి వెనక మూల దాకా వెళ్ళాడు, వాలు కేసి చూశాడు, చక్రం కేసి చూశాడు, అక్కడే ఆగిపోయాడు.

“వెళ్ళండి.”

“దీని వెనకా? నీకేమన్నా పిచ్చా? నీ కాలు కాస్త జారిందంటే నా ప్రాణం పోదూ!”

వీధి అంతా వినపడేంత గట్టిగా అన్నాడు. గేటు దగ్గర అత్తగారు కూడా, “ఒరేయ్, వద్దురా, ఇటొచ్చెయ్” అని కేకేసింది.

తల్లీకొడుకులు ఇద్దరికీ తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

ఆమెకి ఏడుపు రాలేదు. సర్దిచెప్పుకోవడానికి ఇక మాట మిగల్లేదు, అంతే.

“పిచ్చుకా, ముందు సీట్లోకి రా” అంది. పిల్ల ఎక్కింది. ఇంజన్ అందుకుంది.

“ఏయ్, ఎక్కడికి?”

“బండిని వర్క్‌షాపులో వదులుతాను. రేపెళ్ళి తెచ్చుకోండి” అంది ఆమె, మొదటి గేరు వేస్తూ. “మా కోసం మాత్రం చూడకండి.”