వంటింటి గుమ్మం మీద గీతలు

పొద్దున్నే వచ్చి అంట్లు ముట్టుకునే ముందు ఓనరమ్మ ఒక పని చేసేది. వంటింటి ద్వారబంధాన్ని పొడిగుడ్డతో పైనుంచి కిందిదాకా తుడిచేది. ఆ తర్వాతే సింకులో చేతులు పెట్టేది.

ఓనరమ్మ అంటే హోటల్ యజమాని భార్య అనుకునేరు. కాదు, అంట్లు తోమే మనిషి. హోటల్ నడుస్తున్న ఆ పాత పెంకుటిల్లు ఒకప్పుడు ఆవిడదే కాబట్టి వంటవాడు సరదాకి పెట్టిన పేరది. కొత్తగా చేరిన సర్వర్లు నిజమేననుకుని ఆవిడ వస్తే లేచి నిలబడేవాళ్ళు, రెండు రోజులయ్యాక నాలిక్కరుచుకునేవాళ్ళు.

ఆ ఇంట్లోనే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఏడేళ్ళవాడు జ్వరంతో పోయాడు. ఇప్పుడు నాలుగో నంబరు టేబులున్న చోటే వాడి మంచం ఉండేది. ఆ గోడలు చూడలేనని భర్త ఇల్లు అమ్మేసి, ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఆవిడా మూట సర్దుకుంది. తీరా బయల్దేరబోయిన రోజు కొడుకు పుట్టినరోజైంది. తండ్రి ఏటా వాణ్ణి ద్వారబంధానికి ఆనించి తల మీదుగా పెన్సిల్‌తో గీసిన ఏడు గీతలకి పైన, ఎవరూ గీయని ఎనిమిదోది కనిపించింది. పిల్లాడు రెండు వేళ్ళు పెరిగాడు. ఆవిడ మూట విప్పేసి, ఇల్లు కొన్నవాడి దగ్గరే పనికి కుదిరింది.

మొదట అది టీ, బన్ను అమ్మే కొట్టు. ఆ యజమాని పోయాక అల్లుడొచ్చి భోజనాలు పెట్టాడు. అల్లుడు చేతులెత్తేశాక ఇప్పటి యజమాని కొన్నాడు. గోడలకి నాలుగుసార్లు రంగులు మారినా ద్వారబంధం జోలికి ఎవరూ పోలేదు. ఏటా ఒక గీత చొప్పున పిల్లాడు పెరుగుతుంటే ఎలా పోతారు? పద్నాలుగో ఏట గీత ఒక్కసారిగా జానెడు పైకెక్కితే, "ఆ వయసులో అంతేనమ్మా, చొక్కాలు కుట్టించలేక చస్తాం," అన్నాడు వంటవాడు. ఆ రోజంతా ఆవిడ కాలు నేల మీద నిలవలేదు.

ఈ ఏడు మాత్రం చిక్కొచ్చి పడింది. కొత్తగా కొన్న పెద్ద ఫ్రిజ్ ఆ గుమ్మంలో పట్టదు. ఆర్నెల్లుగా పెరట్లో పట్టా కింద నానుతోంది. వంటింట్లో కూరగాయలు కుళ్ళిపోతున్నాయి, తినడానికి వచ్చేవాళ్ళు తగ్గారు, ఇద్దరు సర్వర్లని మానిపించారు.

"అక్కా, వడ్రంగిని రమ్మన్నాను. ఇక నావల్ల కాదు," అన్నాడు యజమాని, తల దించుకుని.

"పుట్టినరోజు దాటనివ్వండి బాబూ."

"ఆర్నెల్లుగా ఇదే మాట. అసలు వాడు పెరగడం ఆగేదెప్పుడు?"

ఆవిడ చెయ్యి ద్వారబంధం మీదికెళ్ళింది. వాడికీ తనకీ మధ్య మిగిలింది ఆ చెక్కొక్కటే. అది పోతే వాణ్ణి ఇంకోసారి పాతిపెట్టినట్టే.

పుట్టినరోజు పొద్దున వడ్రంగి సంచీ పక్కన పెట్టుకుని పెరట్లో కూర్చున్నాడు. ఆవిడ స్టూలెక్కి తుడిచి చూసింది. పోయినేటి గీతే ఉంది, దాని పైన ఏమీ లేదు. తడిగుడ్డతో తుడిచింది, గోటితో గీకి చూసింది.

"మళ్ళీ పోయాడు," అంది.

వంటవాడు గరిటె పక్కన పెట్టి వచ్చాడు. "ఎన్నేళ్ళు నిండాయి?"

"ఇరవై ఒకటి."

"మావాడూ ఇరవైకే ఆగాడమ్మా. ఇంకేం పెరుగుతారు?"

ఆవిడ స్టూలు దిగి ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది. గీత తన తలకన్నా జానెడు పైనుంది. చెయ్యి చాపి అక్కడ నిమిరింది, చాలాసేపు నిమిరింది. ఏడ్చింది కూడా, ఎవరూ ఆపలేదు. తర్వాత వడ్రంగి వైపు తిరిగి, "కానివ్వు నాయనా," అంది.

ఊడదీసిన చెక్కని ఇంటికి తీసుకెళ్ళమన్నాడు యజమాని.

"అంత ఎదిగినవాణ్ణి ఎక్కడికని మోసుకుపోను?" అంది.

మధ్యాహ్నానికి ఫ్రిజ్ లోపలికెళ్ళింది. సాయంత్రం నాలుగో టేబుల్ ప్లేట్లు ఆఖరున తోమి, ఆవిడ ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. పదమూడేళ్ళుగా పెరటి తలుపులోంచి వచ్చిపోయే మనిషి, ఆ రోజు తింటున్నవాళ్ళ మధ్యనుంచి వీధి గుమ్మం దాకా నడిచింది.

"రేపు పెందలాడే రా అక్కా," అని కేకేశాడు యజమాని.

ఆవిడ వెనక్కి తిరిగింది. "ఎందుకు బాబూ?" అంది. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగింది.

యజమాని వంటింటి వైపు, వెడల్పైన కొత్త గుమ్మం వైపు చూశాడు. ఆవిడ మెట్లు దిగింది.