కిందికి దిగని బూటు

శనివారం పొద్దున ఫిర్మిన్ ఎప్పటిలాగే కాఫీ పొడి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. ఎప్పటిలాగే ఏమీ రాలేదు. మూత పెట్టేసి, కాఫీ కాచుకుని, రొట్టెకి వెన్న రాసుకుని తిన్నాడు. వెన్న మెత్తగా ఉంది. అంతకు మించి దాని గురించి చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు.

రెండేళ్ళ కిందట చలికాలంలో పది రోజులు జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ వాసనని వెంట తీసుకుపోయింది. నాలుకకి తెలిసేవి ఉప్పు, పులుపు, తీపి, చేదు, ఇలా కొన్నే. మిగతా రుచి అంతా ముక్కు పనే. జలుబు చేసిన రోజున భోజనానికి కూర్చున్న వాళ్ళెవరికైనా ఈ సంగతి తెలుసు. ఇంకొకరికైతే అది చిన్న నష్టమే అనుకోవచ్చు. ఫిర్మిన్ ముప్పైనాలుగేళ్ళు బీరు కాచినవాడు. ఉడుకుతున్న గంజి వాసన చూసి, ఆ బార్లీ ఏ ఏటిదో చెప్పేవాడు. నినోవె ఊళ్ళో అతన్ని వీధి పేరుతో కాదు, ముక్కు పేరుతో గుర్తుపట్టేవాళ్ళు. అందుకే ఎవరికీ చెప్పలేదు. మొదట వారం ఆగి చెబుదామనుకున్నాడు. తర్వాత నెల. తర్వాత చెప్పడానికి ఆలస్యమైపోయిందని సిగ్గుపడి మానేశాడు.

భార్య పోయిన ఇంట్లో ఈ రహస్యం దాచడం తేలికే. కష్టమల్లా కూతురు టీనతోనే.

టీన ఊరి చివర పాత పాలకేంద్రం షెడ్డు తీసుకుని, మొట్టమొదటిసారి సొంతంగా బీరు కాచింది. రెండువేల లీటర్లు. సోమవారం సీసాల్లో నింపాలి, ఆపై శనివారం ఊరి సంతలో అందరికీ పోయాలి. సీసా మీద ముత్తాత పేరు. మూడు వారాల కిందట ఆమె ఒక గ్లాసు తెచ్చి, "నాన్నా, ఇందులో ఏదో తేడాగా ఉంది, చూడు" అంది.

ఫిర్మిన్ గ్లాసులో ముక్కు పెట్టాడు. ఏమీ లేదు. కూతురి మొహం చూశాడు. ముక్కు చిట్లించుకుని ఉంది.

"గుర్రపుశాల వాసనే పిచ్చిదానా!" అన్నాడు. "మా తాత బీరులో ఇదే ఉండేది. దాన్ని ముట్టుకోకు."

ఈ మాట వేరే దేశంలో ఎవరూ నమ్మరు. ఫిర్మిన్ వాళ్ళ దేశంలో మాత్రం రైతులు కాచే పాతకాలపు బీర్లలో కొన్నింటికి నిజంగానే గుర్రపుశాల వాసన ఉంటుంది, తడిసిన కంబళి వాసన ఉంటుంది. పెద్దలు దాన్ని అపురూపంగా చూస్తారు. కాబట్టి టీన నమ్మింది. నమ్మి, సీసాల్లో పోసే ముందు సంబరంగా, "ఈ శని, ఆదివారాలు మనిద్దరం ఊళ్ళు తిరుగుదాం. మెహెలెన్, గెంట్, బ్రూహె. ఆ వాసనున్న పాత బీర్లన్నీ తాగి నా దాంతో పోల్చి చూద్దాం" అంది. సంచిలో తన బీరు ఒక చిన్న సీసా కూడా పెట్టుకుంది.

మెహెలెన్‌లో పని బాగానే సాగింది. పెద్ద చర్చి గోపురం ఎదురుగా కూర్చుని ఫిర్మిన్ ముందు బీరు రంగు చూశాడు, తర్వాత నురగ చూశాడు, తర్వాత కూతురి కనుబొమలు చూశాడు. ఆమె మెచ్చుకుంటే తనూ మెచ్చుకున్నాడు. గెంట్‌లో రైలు దిగి కూరగాయల బజారు మీదుగా నడుస్తూ, ఆవాల ముద్ద అమ్మే కొట్లో ఒక చెంచాడు నాలుక మీద వేసుకున్నాడు. ఘాటు నషాళానికంటి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ముక్కులో ఏదో జరగడం రెండేళ్ళలో అదే మొదటిసారి. ఇంకో చెంచా అడిగాడు.

"ఏమిటి నాన్నా, ఆవాల కోసం ఏడుస్తున్నావు?" అని టీన నవ్వింది. పక్క బండి దగ్గర ఊదారంగు మిఠాయిలు కొంది. కోసుగా, లోపల పాకంతో ఉండే ఆ మిఠాయిల్ని గెంట్ వాళ్ళు 'చిన్న ముక్కులు' అంటారు. "ఇదిగో, ముక్కుకి ముక్కు" అని ఒకటి తండ్రి నోట్లో పెట్టింది. అతను తలదించుకుని చప్పరించాడు. తియ్యగా ఉంది. అంతే.

మధ్యాహ్నం మూడింటికి నది ఒడ్డున గోదెలీవ సారాయంగడిలోకి వెళ్ళారు. డెబ్బై దాటిన గోదెలీవ గ్లాసులు తుడుస్తూ వాళ్ళని చూసి, "పొడుగు గ్లాసా, పొట్టి గ్లాసా?" అంది.

"పొడుగే" అంది టీన.

"అయితే ఒక బూటు."

ఆ పొడుగు గ్లాసు మూరెడు ఎత్తుంటుంది, అడుగు గుండ్రం కాబట్టి చెక్క చట్రంలో నిలబెడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉండటంతో జనం ఎత్తుకుపోతారు. అందుకని పూచీగా ఒక బూటు పుచ్చుకుని, బుట్టలో వేసి, తాడుతో పైకి లాగి వేలాడదీస్తారు. గ్లాసు తిరిగిచ్చాక బుట్ట దించుతారు. ఒంటి బూటుతో ఎవరు పారిపోతారు?

ఫిర్మిన్ కుడికాలి బూటు విప్పాడు. మేజోడు చిరుగులోంచి బొటనవేలు బయటికి చూసింది.

"నాన్నా! పుట్టినరోజుకి అరడజను కొనిచ్చాను కదా!"

"మంచివని దాచుకున్నాను."

గోదెలీవ తాడు లాగింది. బుట్ట వాళ్ళ తలల పైన ఆగింది. గ్లాసులొచ్చాయి. టీన తాగి, కళ్ళు మూసుకుని, "నువ్వు చెప్పు, ముందు ఏమొస్తోంది?" అంది.

కళ్ళు మూసుకున్న మొహం ఏమీ చెప్పదు. ఫిర్మిన్ పాత జ్ఞాపకంలోంచి తడుముకుని, "లవంగం. వెనకాల పండిన అరటి" అన్నాడు.

బుట్ట జానెడు పైకి వెళ్ళింది. తాడు ఎవరూ ముట్టుకోలేదు.

పక్క బల్ల దగ్గర ముసలి ఓడీల్, ఒకప్పటి ట్రాము డ్రైవరు, తన కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాడు. "గోదెలీవా, ఇవాళ ఒకటి లేచింది" అన్నాడు, వాన మొదలైందని చెప్పినట్టు.

"చూశాలే" అని ఆమె గ్లాసు తుడుచుకుంటూనే ఉంది.

"లవంగమా? నాకు మిరియం అనిపించింది" అంది టీన, కళ్ళు తెరిచి.

"మిరియమూ ఉంది. వాసన స్పష్టంగా తెలుస్తోంది."

బుట్ట ఇంకో జానెడు వెళ్ళింది. టీన తలెత్తి చూసింది, తర్వాత గోదెలీవ వైపు చూసింది.

"బూటుకి దిగాలని లేదమ్మా" అంది గోదెలీవ. "పైన ఆ చిన్న తలుపు ఉంది చూశావా? అక్కడిదాకా వెళితే అటకెక్కుతుంది. ఎక్కింది మళ్ళీ దిగదు. అప్పుడు ఆ మూలనున్న చెక్కబూట్లు ఇస్తాను, వేసుకుని వెళ్ళచ్చు."

"టకటకమంటూ" అన్నాడు ఓడీల్. "స్టేషను దాకా ఊరంతా తిరిగి చూస్తుంది. కిందటేడు ఆల్స్ట్ నుంచి దస్తావేజులు రాసే ఆయన ఒకడు అలాగే వెళ్ళాడు. పాపం, మంచి సూటు."

"ఆయన భార్య వెనకాల పది గజాల దూరంలో నడిచింది" అంది గోదెలీవ.

ఫిర్మిన్ చెవులు ఎర్రబడ్డాయి. బొటనవేలుని ఎడమ బూటు వెనక దాచాలని చూశాడు. చెక్కబూట్ల వైపు చూశాడు. వేసుకుని వెళ్ళిపోవచ్చు. అవమానం స్టేషను దాకానే. సోమవారం సీసాలు నిండుతాయి, శనివారం ఊరంతా తాగుతుంది, అప్పుడు అవమానం తనది కాదు, టీనది అవుతుంది.

"టీనా," అన్నాడు గ్లాసు వైపు చూస్తూ, "నాకు వాసన రాదు."

బుట్ట కదలకుండా నిలబడింది.

"ఈ బీరుదా?"

"దేనిదీ రాదు. ఆ జ్వరం వచ్చిన దగ్గర్నుంచి."

టీన గ్లాసు చట్రంలో పెట్టింది. "మరి నా బీరు?"

"అప్పుడు కొంచెం వచ్చింది."

బుట్ట సర్రున లేచి అటక తలుపుకి కొట్టుకుంది. ఓడీల్ నాలుక చప్పరించాడు. "అయ్యో, సగంలో ఆగకూడదయ్యా."

"రాలేదు," అన్నాడు ఫిర్మిన్. "ఏమీ రాలేదు. నీ మొహం చూసి చెప్పాను. తెలీదంటే నువ్వు ఇంకెప్పుడూ నా దగ్గరికి గ్లాసు తేవని భయమేసింది."

బుట్ట నెమ్మదిగా, మెట్లు దిగే ముసలామెలాగా, దిగి బల్ల మీద కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఓడీల్ కుర్చీ మళ్ళీ పాత చోటికి జరుపుకున్నాడు.

టీన బూటు వైపు చూడలేదు. సంచిలోంచి చిన్న సీసా తీసి, మూత విప్పి, గోదెలీవ ముందు పెట్టింది. గోదెలీవ వాసన చూసి తల వెనక్కి లాక్కుంది.

"మదాం, ఇది గుర్రపుశాలేనా?"

"ఇందులో గుర్రం లేదమ్మా. పసిపిల్ల కక్కిన పాలు. మక్కిపోయిన వెన్న. ఇది ముదురుతుందే కానీ తగ్గదు."

"నాకు తెలుసు," అంది టీన. కళ్ళనిండా నీళ్ళు. "మొదటి రోజునుంచీ నా ముక్కు చెబుతూనే ఉంది. నువ్వు చెప్పావని నేనే దాన్ని నోరుమూసుకోమన్నాను."

తిడితే ఫిర్మిన్‌కి తేలికగా ఉండేది. ఆమె తిట్టలేదు. ఫోను తీసుకుని బయటికి వెళ్ళి, సీసాలు నింపే వాళ్ళకి సోమవారం రావద్దని చెప్పింది. సంతవాళ్ళకి ఈ ఏడు తన బీరు లేదని చెప్పింది. అతను కిటికీ అద్దంలోంచి ఆమె వీపు చూస్తూ బూటు లేసు కట్టుకున్నాడు. మూడుసార్లు కట్టాల్సి వచ్చింది.

బ్రూహె వెళ్ళలేదు. సాయంత్రం రైల్లో ఇంటికి తిరిగొచ్చారు.

ఆదివారం పొద్దున పందుల రైతు ఒకాయన పాడైన బీరు పట్టుకుపోవడానికి పీపా బండి తెచ్చి షెడ్డు ముందు నిలబెట్టాడు. బీరు తొట్టి అడుగున కవాటం తిప్పగానే, రెండువేల లీటర్ల కంపు వీధిలోకి వచ్చింది. చర్చి నుంచి వస్తున్న వాళ్ళు చేతిరుమాళ్ళు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. కిటికీలు ఒకటొకటిగా మూసుకున్నాయి. టీన రెండుసార్లు బయటికి పరుగెత్తి గోడ పక్కన వాంతి చేసుకుంది. ఫిర్మిన్ ఒక్కడే కదల్లేదు. తొట్టి ఖాళీ అయ్యాక, పైమూత, పక్కమూత తీసి గాలి ఆడనిచ్చి, బ్రష్షు పుచ్చుకుని పాక్కుంటూ లోపలికి దూరాడు.

బయట ఎవరో ఆవిడ అడగడం వినిపించింది. "ఏమ్మా, మీ నాన్న లోపల ఎలా ఉండగలుగుతున్నాడు?"

"మా నాన్నకి వాసన రాదండీ," అంది టీన. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "రెండేళ్ళయింది."

చల్లని ఇనుప తొట్టిలో ఫిర్మిన్ మొహం పొయ్యి ముందు కూర్చున్నట్టు కాలింది. బ్రష్షు ఆగింది. మళ్ళీ తోమసాగాడు, కనబడిన చోటల్లా, ఏది శుభ్రమో ఏది కాదో తెలియకుండానే.

పక్కమూత దగ్గర వెలుతురు తగ్గింది. టీన ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, తల లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. దగ్గింది. మళ్ళీ పీల్చింది.

"అక్కడ కాదు నాన్నా," అంది. "ఎడమవైపు. ఆ అతుకు దగ్గర. ఇంకొంచెం పైకి."

ఫిర్మిన్ బ్రష్షు ఎడమవైపుకి జరిపాడు.