తేమకు తరుగు

కాటా పెద్దాయన ముప్పై ఎనిమిదేళ్ళుగా ధాన్యం గిడ్డంగిలో బరువులు తూస్తున్నాడు. ఆయన కాటా ముందు నిలబడి ఒక అంకె చెప్పాడంటే దానికి ఇక తిరుగులేదు. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ సణుక్కుంటూ వెళ్ళారంటే తూకం సరిగ్గా ఉన్నట్టే అని ఆయన నమ్మకం. అన్ని లారీలను, అన్ని బస్తాలను తూచిన మనిషి తనను తాను ఒక్కసారి తూచుకున్న పాపాన పోలేదు.

ఆయన భార్యకూ ఆ సంగతి ఎన్నడూ తట్టలేదు. ఆయన కాస్త ఒళ్ళు చేస్తుంటే తన వంటకు వచ్చిన మెప్పనుకుని లోలోపల మురిసిపోయింది. చెప్పులు బిగుతయితే తోలు ముడుచుకుందన్నారు ఇద్దరూ. మధ్యాహ్నం కునుకుకు ఒక దిండు చాలక రెండు, రెండు చాలక మూడు పెట్టుకుంటుంటే, "మహారాజావారికి ఇంకోటి తెమ్మంటారా?" అని ఎగతాళి కూడా చేసింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకుంటుంది.

చివరికి చూడవచ్చిన కూతురే కనిపెట్టింది. "నాన్నా, ఆ కాళ్ళేంటి అలా ఉబ్బాయి? ఏంటమ్మా, నువ్వైనా చూసుకోవద్దూ!" అని ఇద్దరినీ కేకలేసి, ఆ పూటే ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ ఆయన కాలి మీద బొటనవేలితో నొక్కి తీసింది. పిండిలో వేలు పెట్టినట్టు అక్కడ గుంట పడి అలాగే ఉండిపోయింది. వీపు మీద గొట్టం పెట్టి విన్నది, రక్తం తీయించింది, గుండెకు స్కానింగ్ చేయించింది. అన్నీ చూసి, "హార్ట్ ఫెయిల్యూర్" అన్నది.

"అంటే, ఆగిపోతుందా?" అంటూ భార్య కుర్చీ పట్టుకుంది.

"ఆగిపోవడం కాదు పిన్నిగారూ, కంగారుపడకండి. గుండె రక్తాన్ని తోసే బలం తగ్గింది. అందుకే నీరు కాళ్ళలోనూ ఊపిరితిత్తుల్లోనూ చేరుతోంది. పడుకుంటే ఊపిరాడక దిండ్లు పెంచుకుంటున్నదీ అందుకే. మందులున్నాయి."

"నేను ఏ క్లాసూ ఫెయిల్ కాలేదమ్మా, నా గుండెకేం వచ్చింది?" అన్నాడు పెద్దాయన.

"బీపీ మాత్రలు రెండేళ్ళుగా మానేశారటగా! అవి వేసుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. పాపం, గుండె ఎంతకని కష్టపడుతుంది?"

డాక్టరమ్మ చెప్పుకుపోయింది. ఉప్పు తగ్గించాలి. మాత్రలు, ముఖ్యంగా నీరు బయటికి తీసే మాత్ర, మానకూడదు. రోజూ పొద్దున్నే, దొడ్డికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో బరువు చూసుకోవాలి. "మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా వచ్చేయండి. బరువు అదుపులో ఉంటే పనికి పంపిస్తా. లేదంటే మంచం ఎక్కిస్తా."

"తూకం సంగతి నాకు చెప్పాలా తల్లీ!" అన్నాడాయన, మొదటిసారి నవ్వుతూ.

కూతురు అంకెలు వెలిగే మిషను కొనిచ్చింది. ఆయన దాన్ని ఊరికే నమ్ముతాడా? గిడ్డంగి నుంచి తూకపు రాళ్ళు తెచ్చి, పెట్టీ తీసీ పరీక్షించి, అప్పుడు గానీ దాని మీద కాలు పెట్టలేదు. నీరు తీసేశాక అరవై ఎనిమిది కిలోల దగ్గర కుదురుకున్నాడు. గోడ మీది క్యాలెండర్లో రోజూ ముత్యాల్లాంటి అంకె వేసేవాడు. మళ్ళీ పనికి వెళ్ళాడు. రెండు నెలలు హాయిగా గడిచాయి.

ఒకరోజు బట్టలు ఉతకబోతూ భార్య ఆయన బెల్టు తీసి చూసింది. కొక్కెం ఒరిసిన గుర్తు ఒక రంధ్రం వదులుకు జరిగింది. క్యాలెండరు చూస్తే అరవై ఎనిమిది, అరవై ఎనిమిది, అరవై ఎనిమిది. తూకం కదలకుండా నడుమెలా పెరుగుతుంది? ఎవరినీ అడగలేదు. మర్నాడు పొద్దున్న చీపురు పట్టుకుని మిషను పక్కనే తచ్చాడింది.

ఆయన ఎక్కాడు. డెబ్భైన్నర. దిగి, గోడ దగ్గరికి వెళ్ళి, అరవై ఎనిమిది వేశాడు.

"ఏమండీ! డెబ్భైన్నర కదా పడింది?"

"అది మొత్తం బరువే. బట్టలకు అర కిలో పోతుంది. తేమకు తరుగు రెండు కిలోలు."

"తేమా? ఒంటికి తేమేంటండీ?"

"డాక్టరమ్మే చెప్పిందిగా, అది నీరని! తడి సరుకు వస్తే తరుగు తీయకుండా రాస్తారా ఎక్కడైనా? అలా రాస్తే నన్ను కాటా దగ్గర నిలబెడతారా?"

నవ్వాలో ఏడవాలో ఆవిడకు తెలియలేదు. చీపురు కింద పడేసింది. "ఓరి నాయనో! ఆ నీటి కోసమేనండీ ఈ తూకమంతా! మిమ్మల్నేమన్నా అమ్ముతున్నామా?"

ఆయన పెన్సిలు చెవి మీద దోపుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు. "నీటి మాత్ర వేసుకుంటే గంటకోసారి ఒంటేలుకు కాటా వదిలి పరుగెత్తాలి. అందుకని ఈ వారం మానేశా. ఉన్నదున్నట్టు రాస్తే మంచం ఎక్కిస్తుందేమోనని... తరుగు తీయడం న్యాయమేగా అనుకున్నా."

"న్యాయం మీ ధాన్యానికి. చొక్కా వేసుకోండి."

డాక్టరమ్మ తరుగు సంగతి విని కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. ఆ తర్వాత ఆయన ఛాతీ విని నవ్వు ఆపేసింది. "ఇంకో వారం ఆగి ఉంటే ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టేదాన్ని. ఇవాళ వచ్చారు కాబట్టి మాత్రతో సరిపోతుంది. మంచం అక్కర్లేదు. డ్యూటీ ఎన్నింటికి దిగుతారు?"

"రెండింటికమ్మా."

"అయితే నీటి మాత్ర ఇంటికొచ్చాక మూడింటికి వేసుకోండి. ఈ ముక్క అప్పుడే అడిగి ఉంటే పోయేది కదా బాబాయ్! వారం రోజులు ఇంట్లో ఉండి, ఆ తర్వాత పనికి వెళ్ళండి."

మర్నాటి నుంచి అంకె చదవడం, రాయడం ఆవిడ పనైంది. "నీ ఏడు చూస్తే ఒకటిలా ఉంటుంది" అని ఆయన వంక పెట్టేవాడు. "ఎలా ఉంటేనేం, తరుగు లేదుగా!" అనేది ఆవిడ. డెబ్భై అరవై తొమ్మిదైంది, అరవై తొమ్మిది అరవై ఎనిమిదైంది.

ఆయన మళ్ళీ పనిలో చేరిన రోజు రెండున్నరకు కింద మెట్ల దగ్గర గొడవ వినిపించింది. మెట్లకు అడ్డంగా సైకిలు పెట్టాడని కిందింటి దర్జీని తగులుకున్నాడు పెద్దాయన. మొదటి అంతస్తు దాటుతూ దర్జీ తండ్రిని తిట్టాడు. రెండో అంతస్తులో తాతను అందుకున్నాడు. తమ ఇల్లున్న మూడో అంతస్తుకు వచ్చేసరికి సైకిలు కనిపెట్టినవాడి దాకా వెళ్ళింది వ్యవహారం. ఎక్కడా ఒక్క మాటకు ఊపిరి కోసం ఆగలేదు.

ఆవిడ గడియ మీద చెయ్యి పెట్టి, తలుపు తీయకుండా నిలబడింది. ఇంకాసేపు తిడితే బాగుండనిపించింది.