ఎవరూ కొట్టని కాలు

నా మొగుడి కాలు విరగ్గొట్టింది జుబేర్ అని మా ఊళ్ళో ఏ పసిపిల్లని అడిగినా చెప్పేది. వెనక నుంచి వచ్చి ఇనుప రాడ్డుతో కొట్టాడట, ఒక్క దెబ్బకే తొడ ఎముక రెండు ముక్కలైందట. నేనూ నమ్మాను. జుబేర్ నరసరావుపేటలో ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్కు. మా ట్రాక్టరు రిపేరు దగ్గర మా ఆయన ప్రవీణ్‌కీ అతనికీ మాటామాటా పెరిగి, చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళింది. ఆ సాయంత్రానికి ప్రవీణ్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ వారం తిరక్కుండానే జుబేర్ జైల్లో ఉన్నాడు.

మా మామయ్య నరసింహారావు ఒకప్పుడు మా ఊరి సర్పంచ్. రొంపిచర్ల చుట్టుపక్కల ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. ఇప్పుడు పదవి లేదు, పెత్తనం మాత్రం పోలేదు. ఆసుపత్రి వరండాలో ఆయన చుట్టూ మనుషులు మూగి ఉంటే, కొడుకు కాలు విరిగిన బాధ ఆ ముఖంలో వెతికినా కనపడలేదు. ఎలక్షన్ గెలిచిన రోజు ఎలా కూర్చున్నాడో అలాగే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. జుబేర్ వాళ్ళ అన్న అవతలి పార్టీ మనిషి. ఇక చెప్పేదేముంది?

ఎముకలో రాడ్డు వేశారు. నెలలు గడిచాయి గానీ అది అతకలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్స్‌రేలు తీసీ తీసీ, "ఎముక వీక్‌గా ఉంది, బలానికి ఒక ఇంజెక్షన్ ఇద్దాం, ఏడాదికి ఒక్కటే" అన్నాడు. దానికి ముందు రక్తపరీక్షలు చేయించి, జనరల్ డాక్టరుకి చూపించి రమ్మన్నాడు. అలా మేము డాక్టర్ బెంజిమిన్ దగ్గరికి వెళ్ళాం. మామయ్య బోర్డు మీద పేరు చదివి ముఖం చిట్లించాడు, అయినా లోపలికి వచ్చి అందరికంటే ముందు కుర్చీ లాక్కున్నాడు.

బెంజిమిన్ గారికి నలభై దాటి ఉండవు. రిపోర్టు చూశాడు. మళ్ళీ చూశాడు. "పాత రిపోర్టులు ఉన్నాయా?" అన్నాడు. నా సంచిలో అన్నీ ఉన్నాయి. చికున్‌గున్యా వచ్చినప్పటివి, కామెర్లేమో అని చేయించినవి, నడుస్తుండగానే పాదం ఎముక చిట్లినప్పటివి. ఆ పాదం రెండుసార్లు చిట్లింది. రెండుసార్లూ, "పల్నాడు నీళ్ళు కదమ్మా, ఫ్లోరైడు" అన్నారు. మా వైపు ఎముక నొప్పెడితే ఎవరూ ఆలోచించరు, బోరు వైపు వేలు చూపిస్తారు.

ఆయన కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఒక్కో దానిలో ఒకే వరుస కింద గీత గీసుకుంటూ పోయాడు. ప్రతి గీత పక్కనా ఎల్ అని ఇంగ్లీషు అక్షరం అచ్చై ఉంది.

"ఇది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అమ్మా. ఎముక గట్టిపడటానికి పనికొచ్చే ఎంజైము. లివర్ టెస్టులో కలిసి వస్తుంది కాబట్టి, ఎక్కువుంటే లివర్ పాడైందేమోనని కంగారు పడతాం. తక్కువుంటే ఎవరూ పట్టించుకోరు. మీ ఆయనకి ఎప్పుడూ తక్కువే, ఈ ఎల్ అంటే అదే. నలభైకి పైన ఉండాల్సింది, పదిహేడు ఉంది. తొడ ఎముక విరిగినవాళ్ళకి ఇది పెరగాలి. ఫ్లోరైడు పట్టినవాళ్ళకీ పెరుగుతుంది గానీ తగ్గదు."

ఎవరూ పట్టించుకోరు! ఎంత నెమ్మదిగా అన్నాడో ఆ మాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళుగా మనిషి చేతికి సూది గుచ్చి రక్తం లాగారే, లాగినవాళ్ళలో ఒక్కడైనా ఆ అక్షరం ఎందుకుందని అడగలేదే! మిషనుకి తెలిసింది. తక్కువుంది బాబూ అని ప్రతిసారీ చెప్పింది. చదవాల్సినవాళ్ళు పక్క వరుసలో షుగర్ చూసుకుని సంతకం పెట్టారు.

"మీరైనా చూశారు, సంతోషం. మిగతావాళ్ళంతా ఏం చదివారండీ?" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "నేనూ రెండేళ్ళ క్రితమైతే చూసేవాణ్ణి కాదేమో. వెల్లూరులో ఉండగా ఇలాంటి పేషెంటుని చూశాను. చాలా అరుదైన జబ్బు. ముందు ఆ ఇంజెక్షన్ ఆపించాలి. మామూలు ఎముక బలహీనతకి అది మంచి మందే. ఇది నేను అనుకుంటున్న జబ్బే అయితే, అది ఇస్తే ఉన్న ఎముకలు కూడా విరుగుతాయి" అని అప్పటికప్పుడే ఆపరేషన్ డాక్టరుకి ఫోన్ చేశాడు. తర్వాత అడిగాడు, "ఇతనికి పాలపళ్ళు ఎప్పుడు ఊడాయి?"

మా అత్తయ్య రంగనాయకమ్మ గోడవారగా నిలబడి ఉంది. ఆమెని మా ఇంట్లో ఎవరూ ఏదీ అడగరు. అడిగేసరికి ముఖం వెలిగింది. "మూడేళ్ళకే నాయనా! వేళ్ళతో సహా ఊడినయ్యి. చానా తొందరగా పెద్దోడైతన్నాడని మురుసుకున్నాం. ఆయనకీ అంతేగా, మా పెళ్ళైన కొత్తలో జొన్నరొట్టె తింటా ఉంటే రెండు పళ్ళు రొట్టెలోనే..."

మామయ్య తల తిప్పి చూశాడు. అత్తయ్య నోరు టక్కున మూతపడింది. ఆయన ముందు పళ్ళు కట్టుడు పళ్ళని ఊరందరికీ తెలుసు. పోలింగ్ బూత్ దగ్గర జరిగిన కొట్లాటలో ఊడాయని ఆయన చెప్పేవాడు. ఎంతమందిని ఎదిరించి నిలబడ్డాడో కూడా చెప్పేవాడు.

నాకు నవ్వొచ్చేదే. కానీ అప్పటికే నా కూతురు గుర్తొచ్చింది. మా నిఖితకి నాలుగేళ్ళు. కిందటి నెలే దాని కింది పన్ను ఊడింది. పొడుగాటి వేరుతో, పెద్దవాళ్ళ పన్నులాగా ఉంది. ఆ మాట డాక్టరుకి చెప్పాను.

బెంజిమిన్ గారు ఆపరేషన్‌కి ముందు తీసిన ఎక్స్‌రే లైటు మీద పెట్టాడు. "ఇదిగో, పాత పగులు. ఎప్పటి నుంచో కొద్దికొద్దిగా చీలుతూ వచ్చింది. ఇది మీ ఫైల్లో రాసినట్టు ఇనుప రాడ్డు దెబ్బకి విరిగే తీరు కాదు."

మామయ్య లేచి నిలబడ్డాడు. "డాట్రు గారూ, రోగం గీగం అని కాయితం మీద రాయబాకండి. కోర్టులో కేసు ఉంది. ఆళ్ళ ప్లీడరు చేతిలో పడితే కొంప మునిగిద్ది."

"కేసు సంగతి నాకు అనవసరమండీ. ఉన్నదే రాస్తాను. ఇది రక్తంలో దిగే జబ్బు, పాపని మాత్రం ఒకసారి తీసుకురండి" అన్నాడాయన.

ఇంటికొచ్చాక తలుపు వేసి ప్రవీణ్‌ని అడిగాను. "నిజం చెప్పు. జుబేర్ కొట్టాడా?"

కుక్కిన పేనులా కూర్చున్నాడు. చేతికర్ర కొనని నేల మీద తిప్పాడు. "ట్రాక్టరు దిగుతా కాలు కింద పెట్టా. లోపల ఏందో టప్‌మంది" అన్నాడు.

"అప్పుడు జుబేర్ యాడున్నాడు?"

"షెడ్డులో. నేను పడితే ఆడే పరిగెత్తుకొచ్చాడు. నీళ్ళు తాపిచ్చాడు."

"నీళ్ళు తాపిచ్చినోణ్ణి జైలుకు పంపిచ్చావా నువ్వు?"

"నేను పంపలేదే. నాన్న వచ్చేతలికే ఫిర్యాదు రాయిచ్చాడు. దిగితే ఇరిగిందంటే నవ్వుతారన్నాడు. ఆడోళ్ళ కాలేందిరా అన్నాడు."

చేతిలో ఉన్న చెంబు విసిరికొట్టాను. గోడకి తగిలి సొట్టపోయింది. మా దగ్గర పగవాడి చేతిలో విరిగిన కాలుకి పరువుంది, దానికదే విరిగిన కాలుకి లేదు. ఆ పరువు కోసం నా మొగుడు నోరు కుట్టుకున్నాడు. జుబేర్‌కీ పెళ్ళాం ఉంది, షాహిస్తా. నాకంటే చిన్నది. షెడ్డు మూతపడితే వాళ్ళు ఏం తింటున్నారని ఈ ఇంట్లో ఒక్కరికైనా తోచలేదు.

మర్నాడు నిఖితని చంకనేసుకుని బస్సెక్కాను. కారు తీయొద్దని డ్రైవరుకి ఆర్డరు, మామయ్యది. నరసరావుపేటలో మా ఇంటివాళ్ళు ఎప్పుడూ వెళ్ళే ల్యాబులోనే రక్తం ఇప్పించాను. సాయంత్రానికి రిపోర్టు ఫోనుకి వచ్చింది. నాకంటే ముందు మామయ్య ఫోనుకి వచ్చింది. ఆ ల్యాబువాడికి ఆయన ఏమవుతాడో దేవుడికే తెలియాలి.

నేను గుమ్మం ఎక్కేసరికి ఆయన వసారాలో ఫోను ఊపుతున్నాడు. "చూశావా సుకన్యా? అరవై రెండు. ఎల్ లేదు, ఏం లేదు. నలభై నుంచి నూట ముప్పై దాకా నార్మల్ అని రాసుంది. ఇంగ్లీషు చదూకున్నావుగా, చదువు. ఆ డాట్రు మాట పట్టుకుని పిల్లకి లేని రోగం అంటగట్టావు."

ఒక్క క్షణం నా ప్రాణం కూడా కుదుటపడింది. అబద్ధం చెప్పను, దేవుడి గదిలోకి వెళ్ళి దణ్ణం కూడా పెట్టుకున్నాను. తర్వాత ఎందుకైనా మంచిదని బెంజిమిన్ గారికి ఫోన్ చేశాను.

అంకె చెప్పాను. "ఏ వయసువాళ్ళ లెక్క వేశారో చూడండమ్మా" అన్నాడు. "ఆ నలభై, నూట ముప్పై పెద్దవాళ్ళకి. పిల్లలకి ఎముకలు పెరుగుతూ ఉంటాయి, ఇది చాలా ఎక్కువుండాలి. నాలుగేళ్ళ పిల్లకి నూట యాభైకి తగ్గకూడదు. అరవై రెండంటే పాపకి బాగా తక్కువ."

నాలుగేళ్ళ పిల్ల అని వాళ్ళే రాసుకున్నారు. రాసుకుని, నలభై ఏళ్ళవాడి కొలత పెట్టి చూశారు. పెద్దవాడికి తక్కువని మిషను అరిచి చెప్తే ఎవరూ వినలేదు. పిల్లకి తక్కువైతే ఆ మిషను కూడా నోరు విప్పలేదు. ఎవరిని తిట్టాలో తెలియక, వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని అందరినీ తిట్టాను. డాక్టర్లనీ, ల్యాబువాళ్ళనీ, ఈ ఇంటినీ, ఈ ఇంటి మగవాళ్ళ పళ్ళనీ.

తండ్రీబిడ్డల రక్తం హైదరాబాదుకి పంపారు. జబ్బు అదేనని తేలింది. నా రక్తం కూడా చూశారు, నాలో ఏమీ లేదు. మందు ఒకటుంది గానీ మన దగ్గర సులువుగా దొరికేది కాదన్నారు. పిల్లల ఎముకల డాక్టరు హైదరాబాదులో ఉన్నారు, తండ్రి కాగితాలన్నీ పట్టుకుని ఆయనకి చూపించాలి, బడిలో టీచర్లకి జబ్బు పేరు చెప్పి పడకుండా చూసుకోమనాలి. ముందుగా కనిపెట్టడం అదృష్టం అన్నాడు బెంజిమిన్ గారు.

ఆ అదృష్టానికి మామయ్య అడ్డంగా నిలబడ్డాడు. "ఆ రోగం పేరు ఈ గడప దాటటానికి ఈల్లేదు. కేసు తేలనీ, అప్పుడు తీసుకుపోదాం."

"కేసు ఎప్పటికి తేలిద్ది?"

"మూడేళ్ళో, నాలుగేళ్ళో. కోర్టుల సంగతి మనకి తెలిసిందేగా."

పిల్ల ఎముకలు ఆయన వాయిదాల కోసం ఆగుతాయి కాబోలు! తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నవాడు కూడా ఇంతకంటే సిగ్గుపడి ఉంటాడు. ప్రవీణ్ వైపు చూశాను. ప్రవీణ్ చేతికర్ర వైపు చూసుకున్నాడు.

ఆ తర్వాతి వారం ఎస్సై వచ్చాడు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. ఛార్జిషీటు వెయ్యాలి, ప్రవీణ్ మాట ఇంకోసారి రాసుకోవాలన్నాడు. వసారాలో కుర్చీలు వేశారు, కాఫీలు తెచ్చారు. మామయ్యే మొదలుపెట్టాడు. "రాసుకోండి సార్. ఇనుప రాడ్డు. ఎనక నుంచి."

"ఆయన్ని చెప్పనివ్వండి" అన్నాడు ఎస్సై.

ప్రవీణ్ గొంతు సవరించుకున్నాడు. "ఎనక నుంచి..." అన్నాడు.

నాకు ఇంక కళ్ళు కనపడలేదు. లోపల ఆడుకుంటున్న నిఖితని ఎత్తుకొచ్చి, ఎస్సై ముందు బల్ల మీద నిలబెట్టాను. కాఫీ గ్లాసు దొర్లి కిందపడింది.

"ఇది ఈయన కూతురు సార్. ఈయనకున్న రోగమే దీనికీ ఉంది. డాట్రు రాసిచ్చిన కాయితం లోపలుంది, తెస్తా. రేపు ఇది బళ్ళో మెట్టు దిగుతా ఉంటే కాలు ఇరిగిద్ది. మామయ్యా, అప్పుడు ఎవడి మీద పెడతారు కేసు? పక్కన కూర్చున్న పిల్ల మీదా? టీచరు మీదా?"

"సుకన్యా, లోపలికి పో" అన్నాడు మామయ్య.

"పోను."

నిఖిత బల్ల మీద భయంతో బిగుసుకుపోయి, వాళ్ళ నాన్న వైపు చేతులు చాచింది. ప్రవీణ్ లేవబోయాడు. చేతికర్ర జారింది. లేవలేక, కుర్చీలోనే కూలబడి పిల్ల పాదాలు రెండూ చేతుల్లో పట్టుకున్నాడు. అలా పట్టుకునే, తల ఎత్తకుండా అన్నాడు.

"ఎవరూ కొట్టలా సార్. ట్రాక్టరు దిగుతుంటే ఇరిగింది. జుబేర్ నాకు నీళ్ళు తాపిచ్చాడు."

మామయ్య కుర్చీ వెనక్కి తన్నేశాడు. ముఖం కందగడ్డలా అయింది. "ఛీ! నా కొడుకువైతే ఆ మాట నీ నోటెంట వచ్చేదంట్రా?"

"మీ కొడుకు కాబట్టే ఆ కాలు ఇరిగింది మామయ్యా" అన్నాను.

ఎస్సై రాసిన కాగితం పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకున్నాడు.