సగము చిత్రము – సంపూర్ణ విమర్శ

శ్రావణమేఘములు సముద్రముపై నుండి గుంపులు గుంపులుగ లేచివచ్చి కాకినాడ పట్టణమును కడిగి విడిచిన యొక యాదివారపు టుదయమున చలనచిత్రసమాజమువారి శాలయందు ఇశ్రాయేలు దేశపు చిత్ర మొకటి ప్రదర్శింపబడుచుండెను. హైఫా రేవుపట్టణమున తాతతో కూడి యల్లరి చేయుచు పెరుగు తమారను పండ్రెండేండ్ల బాలిక కథ యది. జనులు కడుపుబ్బ నవ్వుచుండిరి. నవ్వక కూర్చున్నవా డొక్కడే, ఇరువదియేండ్లుగ పత్రికలో విమర్శలు వ్రాయుచు మెచ్చిన చిత్రమును మేరువునకును మెచ్చనిదానిని పాతాళమునకును పంపుచుండిన పేరిశాస్త్రి.

విదేశచిత్రములకు విరామముండదని లోకమునకు పలుమారు బోధించినవాడు గావున, తాత మనుమరాలి పండ్రెండవయేటి పండుగకై ప్రసంగము వ్రాయుచుండగా తెర చీకటియైనంతనే కథ ముగిసెనని నిశ్చయించి, దీపములు వెలుగకమునుపే గొడుగు పుచ్చుకొని గంభీరముగ నిష్క్రమించెను. అయ్యో, టీదుకాణమువానిపై జాలిగొని ఆపరేటరు చిత్రమును నడుమ నాపెనని యా మహానుభావున కెవరు చెప్పవలెను!

“ఈ దర్శకురాలికి నవ్వించుటయే కాని యేడిపించుట తెలియదు” అని మఱునాడు తీర్పు వెలువడెను. అది చదివి, చిత్రమును చూడని సభ్యులందఱు మఱుసటి యాదివారపు ప్రదర్శనకు రామనిరి. ఆ యాట ఖాళీగ నడచినచో సమాజమే మూతపడును. కార్యదర్శినియు లెక్కల పంతులమ్మయు నగు హైమావతి పత్రిక చేతబట్టుకొని శాస్త్రి యింటికి వచ్చెను.

“పండుగనాడు తాతగారు మనవరాలి పేరే మరిచిపోయారు కదండీ. ఆ పిల్ల రోజూ కొత్తగా పరిచయం చేసుకుంటుంటే హాలంతా ఏడ్చింది. మీకు ఏడుపు రాలేదుటండీ?”

“ఎప్పుడు మరిచిపోయాడమ్మా?”

“ఇంటర్వెల్ తరువాతండీ.”

అప్పటికిగాని తాను చిత్రము నడుమ లేచివచ్చితినని శాస్త్రి గ్రహింపలేదు. నోరు మెదపకున్నచో నెవరికిని తెలియదు; తెలిసినచో నిరువదియేండ్ల పేరు గంగలో కలియును. సిగ్గుతో చితికిపోయెను. అయినను హైమావతి కన్నులలోని భయమును చూచి పత్రికకు వ్రాయుటకై కలము చేపట్టెను.

“సగము చిత్రము చూచి సంపూర్ణముగ తీర్పు చెప్పితిని. తప్పు నాది. తక్కిన సగము చూచుటకు ఆదివారము వచ్చుచున్నాను. మీరును రండు.”

ఊరంతయు పడిపడి నవ్వెను. నవ్విన యూరంతయు వచ్చెను. విరామమున శాస్త్రి కాలుసేతులు సాచుకొనుటకు లేవగానే “కూర్చోండి గురువుగారూ, ఇంకా ఉంది!” అని వెనుకవరుసలు కేకలు వేసెను. ఆయనయు నవ్వెను.

చిత్రము ముగిసి జనులు కదలుచున్నను శాస్త్రి కండువాతో కన్నులొత్తుకొనుచు కుర్చీలోనే యుండెను.

“ఎలా ఉందండీ?” అని హైమావతి యడిగెను.

“ఇంకోసారి వేయించమ్మా.”

ఆయన యిరువదియేండ్లలో నిచ్చిన తీర్పులలో నింత పొట్టిది లేదు. ఊరు తన కన్నులార చూచి నమ్మినదియు నిదియొక్కటే.